గడ్డకట్టే చలిలో ఈస్టులు ఎలా బతుకుతాయి? అక్కడ గ్లిసరాల్ కలిపేవారు ఎవరూ లేరు కదా!

ప్రశ్న
సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఈస్టు కల్చర్లను భద్రపరచడానికి మా ప్రయోగశాలలో వాటికి గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో పెడతాము. ఈ మధ్య ఒక పోలిక కోసం బేకరీ ఈస్టును, అంటే శాకరోమైసిస్ సెరివిసియేను, గ్లిసరాల్ కలిపిన గొట్టాల్లోనూ కలపని గొట్టాల్లోనూ పెట్టి, కొంతకాలం తర్వాత తీసి ప్లేట్ల మీద పరిచాము. గ్లిసరాల్ కలిపిన గొట్టాల నుంచి ప్లేటు నిండా కాలనీలు వచ్చాయి. కలపని గొట్టాల నుంచి మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి చిన్నచిన్న కాలనీలు, అవి కూడా ఆలస్యంగా వచ్చాయి. ఇంతవరకు పుస్తకంలో చెప్పినట్లే జరిగింది.

నన్ను ఆలోచనలో పడేసిన విషయం వేరే ఉంది. అంటార్కిటికా మంచులోనూ, హిమాలయాల్లోని సరస్సుల్లోనూ, ఉత్తర ధ్రువ ప్రాంతపు మట్టిలోనూ ఈస్టులు సహజంగానే ఉన్నాయని చదివాను. అక్కడ వాటికి గ్లిసరాల్ కలిపేవారు ఎవరూ ఉండరు కదా. మరి ఆ రక్షణను అవే తయారు చేసుకుంటాయా, లేక వాటి కణ నిర్మాణమే వేరుగా ఉంటుందా? అవి అక్కడ నిజంగా తిని, పెరిగి, మొగ్గ తొడిగి జీవిస్తున్నాయా, లేక గాలికి కొట్టుకువచ్చి మంచులో చిక్కుకుని, మా ఫ్రీజర్‌లోని గొట్టాల మాదిరిగా కదలిక లేకుండా ఉన్నాయా? ఇంకొక సందేహం కూడా ఉంది. వీటిలో కొన్ని 20 డిగ్రీలు దాటితే పెరగవని చదివాను. మన విశాఖలో పుష్యమాసపు రాత్రుల్లో తప్ప అంతటి చల్లదనమే ఉండదు. అంతటి మంచును తట్టుకోగలిగిన జీవికి, మనకు హాయిగా అనిపించే వాతావరణం ఎందుకు గిట్టదు?

తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం 1
విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు

అమ్మా, నీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగిలినవి దారిలో పడతాయి. చావకుండా ఉండటం వేరు, పెరగటం వేరు. మైనస్ 80 డిగ్రీల గొట్టంలో ఉన్న కణం జీవిస్తోందని చెప్పలేము. దానిలోని రసాయన చర్యలన్నీ ఆగిపోయి ఉంటాయి. నువ్వు దానిని బయటికి తీసి వెచ్చబరిచినప్పుడు మళ్లీ మొదలవుతాయి. మంచు ప్రాంతాల ఈస్టులలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. గాలితోపాటు వచ్చి చిక్కుకుని, ఎప్పటికైనా కరిగే రోజు కోసం పడి ఉండేవి కొన్ని. అక్కడే, సున్నా డిగ్రీల దగ్గరా దానికి కొంత దిగువనా కూడా నెమ్మదిగా పెరిగేవి మరికొన్ని. రిచర్డ్ మోరిటా అనే శాస్త్రవేత్త 1975లో సూచించిన కొలత నేటికీ వాడుకలో ఉంది: 15 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రతలో బాగా పెరుగుతూ, 20 డిగ్రీలు దాటితే పెరగలేక, సున్నా వద్ద కూడా పెరగగలిగే వాటిని అసలైన శీతప్రియ జీవులు అంటారు. చలిలో పెరుగుతూనే 20 డిగ్రీల పైన కూడా పెరిగేవి చలిని ఓర్చుకునే జీవులు. లెక్కకు చూస్తే ఈ ఓర్చుకునేవే ఎక్కువగా దొరుకుతాయి.

ఇప్పుడు మీ గ్లిసరాల్ లేని గొట్టంలో ఏం జరిగిందో చూద్దాం. మంచు గుచ్చుకుని కణం చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. నిదానంగా చల్లబరిచినప్పుడు జరిగేది అది కాదు. గడ్డకట్టడం ముందు కణం బయటి నీటిలో మొదలవుతుంది. మంచు స్ఫటికం తనలోకి శుద్ధమైన నీటినే తీసుకుంటుంది. లవణాలను, చక్కెరలను పక్కకు నెట్టేస్తుంది. దాంతో ఇంకా గడ్డకట్టని నీరు అంతకంతకూ చిక్కనైపోతుంది. ఆ చిక్కదనం కణంలోపలి నీటిని బయటికి లాగుతుంది. కణం కుంచించుకుపోతుంది, లోపల లవణాలు పేరుకుంటాయి, కణత్వచం ముడతలు పడుతుంది. మరీ వేగంగా చల్లబరిస్తే లోపలి నీటికి బయటికి పోయే వ్యవధి ఉండదు. అప్పుడు కణంలోపలే మంచు ఏర్పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. పీటర్ మజూర్ 1963లో ఈ లెక్కను ఈస్టు కణాల ఆధారంగానే వేసి చూపించారు. గ్లిసరాల్ వంటి రక్షణ లేనప్పుడు, నిమిషానికి దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబరిస్తే ఈస్టు కణాలు ఎక్కువగా బతుకుతాయని, అంతకు మరీ నెమ్మదిగానైనా, మరీ వేగంగానైనా చావులు పెరుగుతాయని ఆ తరహా ప్రయోగాల్లో తేలింది.

కాబట్టి గడ్డకట్టే చలి అంటే కణం దృష్టిలో ముందుగా నీటి కరువు. ఎండకు ఎండిపోయినా, ఉప్పులో ఊరినా, మంచులో చిక్కుకున్నా కణానికి ఎదురయ్యే ఇబ్బంది చాలావరకు ఒకటే. ఈస్టులకు ఈ ఇబ్బందికి పాత విరుగుడు ఉంది. గ్లిసరాల్‌ను అవే తయారు చేసుకుంటాయి. నీ బేకరీ ఈస్టు కూడా చేస్తుంది. ఉప్పు పెరిగినప్పుడు ఏ సంకేత వ్యవస్థతో గ్లిసరాల్ ఉత్పత్తిని పెంచుకుంటుందో, చలి సోకినప్పుడు కూడా ఆ వ్యవస్థనే కదిలిస్తుంది. దానితోపాటు ట్రెహలోజ్ అనే చక్కెరను కూడబెట్టుకుంటుంది. రెండు గ్లూకోజ్ అణువులు కలిస్తే వచ్చే ఈ చక్కెర, నీరు తగ్గిపోయినప్పుడు ప్రొటీన్ల చుట్టూ, కణత్వచం చుట్టూ నిలిచి వాటి ఆకారం చెడకుండా కాపాడుతుంది.

మీ ప్లేటు మీద అక్కడక్కడా వచ్చిన ఆ కొద్ది కాలనీలను తేలికగా తీసుకోవద్దు. కల్చర్ ఏ దశలో ఉన్నప్పుడు గొట్టంలో పోశారో నువ్వు రాయలేదు. వేగంగా పెరుగుతున్న దశలోని కణాల్లో ట్రెహలోజ్ చాలా తక్కువగా ఉంటుంది, అవి చలికి త్వరగా చస్తాయి. ఆహారం అయిపోయి పెరుగుదల ఆగిన దశలోని కణాలు చాలా గట్టివి. అంతేకాదు, మామూలు వేడిలో పెరిగిన కల్చర్‌ను నేరుగా ఫ్రీజర్‌లో పెట్టకుండా, ముందు కొంతకాలం సున్నాకు దగ్గరి చల్లదనంలో ఉంచితే, ఆ వ్యవధిలో అది ట్రెహలోజ్‌నూ, ప్రొటీన్లను సరిగా మడిచే సహాయక ప్రొటీన్లనూ తయారు చేసుకుని, తర్వాత గడ్డకట్టినా ఎక్కువగా బతుకుతుందని 2004లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. వీలైతే మీ ప్రయోగాన్ని ఈ మార్పులతో మళ్లీ చేసి చూడండి. గ్లిసరాల్ పోయకుండానే ఫలితం మారడం మీ కళ్లతో చూస్తారు.

ఇక కణత్వచం సంగతి. చలిలో నెయ్యి పేరుకుంటుంది, అదే గిన్నె పక్కనున్న నువ్వులనూనె పారుతూనే ఉంటుంది. తేడా కొవ్వు ఆమ్లాల్లో ఉంది. ద్విబంధాలు లేని సంతృప్త కొవ్వు ఆమ్లాలు నిటారుగా ఉండి ఒకదానికొకటి దగ్గరగా సర్దుకుంటాయి. ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది కనుక అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అంత దగ్గరగా సర్దుకోలేవు. కణత్వచం పేరుకుపోతే దానిలోని ప్రొటీన్లు కదలలేవు, ఆహారం లోపలికి రాదు. అందుకే చలి పెరిగేకొద్దీ ఈస్టులు తమ కణత్వచంలో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు పెంచుకుంటాయి. ఇక్కడే బేకరీ ఈస్టుకూ అంటార్కిటికా ఈస్టుకూ మధ్య మొదటి పెద్ద తేడా కనిపిస్తుంది. బేకరీ ఈస్టు దగ్గర ఈ పనికి ఒకే ఒక్క ఎంజైమ్ ఉంది. అది గొలుసుకు ఒక్క ద్విబంధాన్ని మాత్రమే పెట్టగలదు. మంచు ప్రాంతాల్లో ఎక్కువగా దొరికే ఈస్టులు వేరే వంశానికి చెందినవి, పుట్టగొడుగులకు దగ్గరి చుట్టాలు. అవి రెండు మూడు ద్విబంధాలున్న లినోలీయిక్, లినోలెనిక్ ఆమ్లాలను కూడా తయారు చేసుకుంటాయి. వాటి కణత్వచం మెత్తగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

సమాధానం 2
రొయ్యల ఎగుమతి సంస్థలో నాణ్యత విభాగం, గాజువాక

మాస్టారు గారికి నమస్కారం. మీరు చెప్పిన దానికి మా పనిలో కనిపించే ఒక విషయాన్ని జోడిస్తాను.

శుద్ధి చేసిన రొయ్యలను మేము మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా నిల్వ ఉంచుతాము. ఆ చలిలో బాక్టీరియా పెరగదన్నది మా వృత్తిలో అందరూ నమ్మే మాట. అయితే కోల్డ్ రూము బయట, మంచు కరిగి నీరు కారే గదిలో, తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీని మడతపెట్టి చూస్తే ఒక్కోసారి లేత గులాబీ రంగు జిగురు కనిపిస్తుంది. దూదిపుల్లతో తీసి ప్లేటు మీద గీసి ఫ్రిజ్‌లో ఉంచితే, బాక్టీరియా కాలనీలు ఇంకా కనిపించీ కనిపించని దశలోనే, నున్నగా మెరుస్తూ దానిమ్మగింజ రంగు నుంచి లేత నారింజ దాకా ఉండే కాలనీలు పైకి వస్తాయి. సూక్ష్మదర్శిని కింద కోలగా ఉన్న కణాలు, కొన్నింటికి పక్కన చిన్న మొగ్గ కనిపిస్తాయి. ఇది రోడోటొరులా జాతి ఈస్టు. ఆ రంగు కెరోటినాయిడ్లు అనే వర్ణకాల వల్ల వస్తుంది.

ఈ రోడోటొరులా గురించి ఒక సంగతి తెలిసినప్పటి నుంచి మైనస్ 18 అనే అంకెను నేను వేరుగా చూస్తున్నాను. గడ్డకట్టించిన పచ్చిబఠాణీల మీద రోడోటొరులా గ్లూటినిస్ మైనస్ 18 డిగ్రీల వద్ద కూడా పెరుగుతుందని, ఆ చలిలో దాని సంఖ్య రెట్టింపు కావడానికి సుమారు 34 రోజులు పడుతుందని 1989లో నమోదు చేశారు. మామూలు వేడిలో బేకరీ ఈస్టు గంటన్నర, రెండు గంటల్లో చేసే పని అది. విద్యార్థిని గారు అడిగిన 'నిజంగా పెరుగుతున్నాయా' అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

గడ్డకట్టిన బఠాణీ మీద నీరెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. మైనస్ 18 వద్ద కూడా బఠాణీలోనో రొయ్యలోనో ఉన్న నీరంతా మంచు కాదు. మాస్టారు చెప్పినట్లు మంచు పక్కకు నెట్టిన చిక్కటి రసం స్ఫటికాల సందుల్లో పలుచని పొరగా మిగిలే ఉంటుంది. సముద్రపు మంచులోనూ అంతే. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల వద్ద గడ్డకట్టడం మొదలుపెడుతుంది, కానీ మైనస్ 10 వద్ద కూడా ఆ మంచు నిండా ఉప్పునీటి సన్నటి కాలువలు ఉంటాయి. వాటిలోని ఉప్పదనం మామూలు సముద్రపు నీటికి దాదాపు నాలుగు రెట్లు. ఈస్టులు ఉండేది ఆ కాలువల్లోనే. కాబట్టి మంచులో బతకడమంటే, ఉప్పునూ చలినీ ఒకేసారి తట్టుకోవడం అన్నమాట.

మాకు నిల్వలో అసలు శత్రువు చలి కాదు, చలి నిలకడగా లేకపోవడం. ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతుంటే చిన్న స్ఫటికాలు కరిగి పెద్ద స్ఫటికాలకు చేరుకుంటాయి; ఆ పెద్దవి కండను చీల్చేస్తాయి, కరిగించినప్పుడు రొయ్య నుంచి నీరు కారిపోతుంది. మంచులో ఉన్న ఈస్టు కణానికి కూడా ఈ ఇబ్బంది ఉండాలి కదా. దానికి అవి ఏం చేస్తాయో మాస్టారు గారు చెబితే బాగుంటుంది.

సమాధానం 3
విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు

చాలా మంచి ప్రశ్న వేశారండి. కొన్ని ఈస్టులు దానికోసమే ఒక ప్రొటీన్‌ను తయారు చేసి కణం బయటికి వదులుతాయి. ఆ ప్రొటీన్ వెళ్లి మంచు స్ఫటికం ముఖానికి అంటుకుంటుంది. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ-ఒలెసుండ్ అనే ఊరు ఉంది. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి పనిచేస్తున్నది ఆ ఊళ్లోనే. అక్కడి మంచినీటి మడుగు నుంచి తీసిన ల్యూకోస్పోరిడియం అనే ఈస్టులో ఈ ప్రొటీన్‌ను కొరియా శాస్త్రవేత్తలు వివరంగా చదివారు, 2012లో దాని నిర్మాణాన్ని కూడా వెల్లడించారు.

ఇలాంటి ప్రొటీన్లు మొదట అంటార్కిటికా చేపల రక్తంలో దొరికాయి. చేపకు కావలసింది రక్తం గడ్డకట్టకుండా ఉండటం. అందుకు తగినట్లు చేప ప్రొటీన్ ఘనీభవన స్థానాన్ని కిందికి దించుతుంది. ఈస్టు ప్రొటీన్ ఆ పనిలో బలహీనం, అర డిగ్రీ కూడా దించలేదు. కానీ మీరు చెప్పిన రెండో పనిలో, అంటే చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటిలో కలిసిపోకుండా ఆపడంలో, అది చాలా సమర్థంగా పనిచేస్తుంది. నా ఉద్దేశంలో దీనిని బట్టే ఈస్టు బతుకుతెరువు అర్థమవుతుంది. చేప మంచును దగ్గరికి రానివ్వకూడదు. ఈస్టు మంచుతో కలిసే ఉండాలి. చుట్టూ ఉన్న స్ఫటికాలు చిన్నవిగా ఉండి, వాటి సందుల్లో ఉప్పునీటి కాలువలు మూసుకుపోకుండా ఉంటే దానికి చాలు. కణం చుట్టూ జిగురుగా పెంచుకునే పాలీశాకరైడ్ల (పొడవాటి చక్కెర గొలుసుల) తొడుగు కూడా ఈ పనికే తోడవుతుంది.

సమాధానం 4
సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా కల్చర్ రాత్రంతా షేకర్‌లో పెరిగినదే సార్. దానిని నేరుగా మైనస్ 80లో పెట్టాము. మీరు చెప్పినట్లు నాలుగు డిగ్రీల్లో ఉంచి మళ్లీ చేస్తాము. ఇంకా ఒకటి మిగిలింది. 20 డిగ్రీలు దాటితే ఎందుకు ఆగిపోతాయి? ఎంజైములు చలిలో పనిచేయడానికీ, వెచ్చదనంలో చెడిపోవడానికీ ఒకే కారణం ఉంటుందా?

సమాధానం 5
ప్రొటీన్ జీవరసాయన పరిశోధకుడు, ఎంవీపీ కాలనీ

మీ ఊహ దాదాపు సరైనదేనండి. ఎంజైమ్ పని చేయాలంటే అది కొంచెం కదలాలి. ముడిపదార్థాన్ని పట్టుకునేటప్పుడు ఒక ఆకారంలో, వదిలేటప్పుడు మరొక ఆకారంలో ఉండాలి. చలిలో ఆ కదలికకు కావలసిన ఉష్ణశక్తి చుట్టుపక్కల తక్కువగా దొరుకుతుంది. అందువల్ల చలిప్రాంతపు జీవుల ఎంజైములు వదులుగా మడిచి ఉంటాయి. వాటిని బిగించి ఉంచే లోపలి బంధాలు తక్కువగా ఉంటాయి, ముఖ్యంగా చర్య జరిగే చోటు చుట్టూ. ఆ వదులుతనం వల్ల సున్నా దగ్గర కూడా పని సాగుతుంది. అదే వదులుతనం వల్ల కాస్త వేడి తగలగానే మడతలు విడిపోతాయి. కణంలోని వేల ప్రొటీన్లలో అన్నీ చెడిపోనక్కరలేదు. తప్పనిసరి అయిన ఏ కొన్ని పనిచేయకపోయినా పెరుగుదల ఆగిపోతుంది. దీనికి తోడు చలికోసం మెత్తగా అమర్చుకున్న కణత్వచం వెచ్చదనంలో మరీ పలుచనై లోపలి పదార్థాలను కారనిస్తుంది. కాబట్టి మీరు హాయి అన్న ఆ వాతావరణంలో ఆ ఈస్టుది మన జ్వరం వంటి స్థితి కాదు. కణ నిర్మాణమే నిలవని స్థితి.

అయితే చలిలో దొరికిన ప్రతిదాని ఎంజైమూ ఇలాగే ఉంటుందని అనుకోకూడదు. ఒక ప్రసిద్ధ ఉదాహరణ చెబుతాను. అంటార్కిటికాలో విక్టోరియా ల్యాండ్‌లోని వాండా సరస్సు అడుగు మట్టి నుంచి తీసిన ఒక ఈస్టును 1969లో జపాన్ శాస్త్రవేత్తలు వర్ణించారు. కాండిడా అంటార్కిటికా అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఆ ఈస్టును ఇప్పుడు మోయెస్జియోమైసిస్ అంటార్కిటికస్ అంటున్నారు. దాని నుంచి వచ్చిన, కొవ్వుల మీద పనిచేసే లైపేజ్-బి అనే ఎంజైమ్ నేడు నూనెల పరిశ్రమలోనూ మందుల తయారీలోనూ ఎంతగానో వాడుకలో ఉంది. అంటార్కిటికా నుంచి వచ్చినప్పటికీ, ఆధారపదార్థానికి అంటించి వాడినప్పుడు అది 60 డిగ్రీల వేడిలో కూడా చక్కగా పనిచేస్తుంది. వాండా సరస్సు పైభాగమంతా మూడు నాలుగు మీటర్ల మందాన మంచుపలక కప్పి ఉంటుంది, కానీ అడుగున ఉన్న ఉప్పునీరు 25 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటుంది. జీవి ఏ ఖండంలో దొరికిందన్న దానికన్నా, ఖచ్చితంగా ఏ చోట దొరికిందన్నదే ముఖ్యమని ఆ సరస్సును చూసి నేను గట్టిగా నమ్ముతున్నాను.

చలికి ముందుగా దెబ్బతినే మరొక చోటు ప్రొటీన్ల తయారీ. చల్లబడినప్పుడు ఆర్‌ఎన్‌ఏ పోగు తనమీద తానే ముడిపడి, ప్రొటీన్లను కూర్చే రైబోసోమ్ దాని వెంట సాగలేకపోతుంది. ఆ ముడులను విప్పే హెలికేజ్ ఎంజైములు చలికి తట్టుకునే చాలా జీవుల్లో కీలకంగా కనిపిస్తాయి. ఆహార రవాణా కూడా అంతే. బేకరీ ఈస్టులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేని రకాలు 10, 15 డిగ్రీల వద్ద పెరగలేకపోతాయి. కారణం వెతికితే, కణత్వచంలో ట్రిప్టోఫాన్‌ను లోపలికి తెచ్చే టాట్2 అనే ప్రొటీన్ చలిలో చాలినంతగా పనిచేయడం లేదని జపాన్ పరిశోధకులు 2000 సంవత్సరంలో చూపించారు. ఆ ఒక్క ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేయించగానే కణాలు ఆ చలిలో పెరిగాయి. చలి కణాన్ని అంతటినీ సమానంగా నెమ్మదింపజేయదని, ఎక్కడో ఒక బలహీనమైన చోట ఆపేస్తుందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

బేకరీ ఈస్టు దగ్గరి బంధువుల్లోనే చలికి అలవాటు పడినది ఒకటి ఉంది. పటగోనియాలోని నోథోఫేగస్ చెట్ల మీద దొరికిన శాకరోమైసిస్ యూబయానస్‌ను 2011లో వర్ణించారు. చల్లని గదుల్లో పులిసే లాగర్ బీరు ఈస్టు, ఈ అడవి ఈస్టుకూ బేకరీ ఈస్టుకూ పుట్టిన సంకరమని అప్పుడే తేలింది. ఆ సంకరానికి చలి ఓర్పు రావడంలో యూబయానస్ నుంచి వచ్చిన మైటోకాండ్రియాకు కూడా పాత్ర ఉందని తర్వాత బయటపడింది. చలిని తట్టుకునే గుణం ఒక్క జన్యువులో లేదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మన దేశంలో ఈ రంగంలో జరిగిన పని గురించి కూడా విద్యార్థులకు తెలియాలి. తూర్పు అంటార్కిటికాలో షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచులేని నేల ఉంది. మన మైత్రి పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. ఆ మట్టిలోని ఈస్టుల మీద హైదరాబాదులోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు 1989లోనే పరిశోధన ప్రచురించారు. ఉత్తరాఖండ్‌లో సుమారు 5,000 మీటర్ల ఎత్తున, మానవ అస్థిపంజరాలకు పేరుపొందిన రూప్‌కుండ్ సరస్సు నుంచి రోడోటొరులా హిమాలయెన్సిస్ అనే కొత్త శీతప్రియ ఈస్టును 2008లో వర్ణించినదీ ఆ సంస్థవారే. మన తెలుగు నేల మీద ఇంతటి పని జరిగినా మన పాఠాల్లో దాని ఊసు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

గాజువాక వారు చెప్పిన గులాబీ రంగు గురించి ఒక్క మాట. ఎత్తైన పర్వతాల మీదా, ధ్రువాల వద్దా చలితోపాటు అతినీలలోహిత కిరణాల తాకిడి కూడా ఉంటుంది. గడ్డకట్టి కరిగినప్పుడల్లా కణంలో హానికరమైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. కెరోటినాయిడ్లు ఈ రెండింటినీ కొంతవరకు అడ్డుకుంటాయి. అందుకే అలాంటి చోట్ల గులాబీ, నారింజ రంగు ఈస్టులు తరచుగా కనిపిస్తాయి.

సమాధానం 6
బేకరీ యజమాని, సీతమ్మధార

ఈ చర్చ చదివి ఒక సందేహం అడుగుతున్నాను. ఈస్టు కలిపిన పిండిముద్దను డీప్ ఫ్రీజర్‌లో దాచుకుని మర్నాడో, ఆ తర్వాతో బన్నులు చేస్తే సరిగా పొంగడం లేదు. పైన చెప్పిన ట్రెహలోజ్‌కూ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం 7
విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు

ఉందండీ. పొడి ఈస్టులో ట్రెహలోజ్ నిండుగా ఉంటుంది. పిండిలో నీరూ చక్కెరా తగిలి పులియడం మొదలుకాగానే కణం ఆ నిల్వను త్వరగా కరిగించేసుకుంటుంది, దానితో చలిని తట్టుకునే గుణమూ పోతుంది. విశాఖ ఉక్కలో కలిపిన పిండి, ఫ్రీజర్‌కు చేరేలోపే పులియడం మొదలుపెడుతుంది. కాబట్టి చల్లటి నీటితో కలిపి, పొంగనివ్వకుండా వెంటనే చిన్న ముద్దలుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టండి. పెద్ద ముద్ద అయితే నడిభాగం చల్లబడేలోపు పులిసిపోతుంది. గడ్డకట్టే పిండి కోసమే ఎంపిక చేసిన ఈస్టు రకాలు కూడా ఉన్నాయి, దొరికితే అవి వాడండి.

సమాధానం 8
సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

సార్, ఇంకొక్కటి అడుగుతాను. ఎంత చలి వరకు పెరగగలవు అన్నదానికి హద్దు ఉందా? విశాఖలో ఉండి శీతప్రియ ఈస్టులను వెతకాలంటే ఎక్కడ వెతకాలి? లంబసింగి మట్టి పనికివస్తుందా?

సమాధానం 9
ప్రొటీన్ జీవరసాయన పరిశోధకుడు, ఎంవీపీ కాలనీ

హద్దు గురించి బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన ఆండ్రూ క్లార్క్, ఆయన సహచరులు 2013లో ఒక వాదన చేశారు. బయట మంచు ఉన్నప్పుడు కణం నీటిని కోల్పోతూపోయి, మైనస్ 10 నుంచి మైనస్ 26 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట లోపలి ద్రవమంతా గాజులా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత అణువులు కదలలేవు కనుక జీవక్రియ ఆగుతుంది. ఆ స్థితిలో కణం చావదు. మాస్టారు మొదట చెప్పిన 'చావకుండా ఉండటం' ఇదే. జీవితచక్రం పూర్తికావడానికి మాత్రం దాదాపు మైనస్ 20 డిగ్రీలే కింది హద్దు అని వారి లెక్క. బఠాణీల మీది రోడోటొరులా ఈ హద్దుకు అతి సమీపంలో పెరుగుతోందన్నమాట.

ఇక వెతకడం గురించి. లంబసింగిలో చలి కొన్ని రాత్రులదే. మధ్యాహ్నానికి అక్కడి నేల వెచ్చబడుతుంది. చలిని ఓర్చుకునే ఈస్టులు దొరకవచ్చు, కానీ అసలైన శీతప్రియ ఈస్టులకు ఏడాది పొడవునా చల్లగా ఉండే చోటు కావాలి. మనకు దగ్గరలో అలాంటి చోటు సముద్రంలోనే ఉంది. బంగాళాఖాతంలో 2,000 మీటర్ల లోతు దాటితే నీరు ఎల్లప్పుడూ రెండు మూడు డిగ్రీల్లోనే ఉంటుంది. పైన మన తీరం ఎంత ఉడికినా ఆ అడుగు మట్టికి తెలియదు. లోతు సముద్రపు మట్టిలో ఈస్టులు ఉంటాయన్నది తెలిసిన విషయమే. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది కనుక, మీ శాఖ ద్వారా లేఖ రాసి, పరిశోధన నౌకల నుంచి వచ్చే మట్టి నమూనాల్లో కొంత ఇవ్వగలరేమో అడగవచ్చు.

నమూనా దొరికితే ఒక జాగ్రత్త తప్పనిసరి. మన ఊళ్లో ప్రయోగశాల బల్ల మీద పెట్టిన ప్లేటు 30 డిగ్రీల్లో ఉంటుంది. దాని మీద శీతప్రియ ఈస్టును పరిస్తే కాలనీ కనబడకముందే పోతుంది. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అగార్ ప్లేట్లను, పైపెట్ మొనలను, పలుచన చేసే ఉప్పునీటిని ముందురోజే నాలుగు డిగ్రీల్లో ఉంచండి. బాక్టీరియాను అణచడానికి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కలపండి. పరిచేటప్పుడు ప్లేటును ఐసు పెట్టె మీద ఉంచి పని చేయండి, తర్వాత కొన్నిటిని నాలుగు డిగ్రీల్లో, కొన్నిటిని 15 డిగ్రీల్లో, కొన్నిటిని 25 డిగ్రీల్లో ఉంచండి. నాలుగు డిగ్రీల ప్లేట్లను కనీసం నెలన్నర వరకు పారేయవద్దు. అగార్ ఎండిపోకుండా అంచులకు పారాఫిల్మ్ చుట్టండి. మొదటి రెండు చోట్లా వచ్చి 25లో రాని కాలనీ ఏదైనా ఉంటే, దానిని వెంటనే చల్లగా ఉంచి, 18, 20, 22 డిగ్రీల్లో విడివిడిగా పెంచి హద్దు ఎక్కడుందో చూడండి.